ఫ్యాను ఆగిందా? ఫ్రిజ్ పోయిందనుకోవద్దు
పాతబస్తీ మెకానిక్‌ల వరస చూస్తే పల్లె ఇంటికీ పనికొచ్చే పాఠం

బక్రీదు మరునాడు హైదరాబాద్ పాతబస్తీలో ఏ ఇంటి ఫ్రిజ్ చూసినా కిటకిటలాడుతుంటుంది. ఖుర్బానీ మాంసాన్ని మూడు భాగాలు చేయడం ఆచారం. ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు. పంచవలసిన పొట్లాలు కొన్ని చేరేచోటికి చేరతాయి. మిగిలినవి పైఅరలో ఇటుకల్లా పేర్చి ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఫ్రిజ్ మొరాయిస్తే ఆ ఇంటివారి అవస్థ చెప్పనలవి కాదు.

శాలిబండ వైపు ఇరుకు గల్లీలో అలాంటి ఇల్లు ఒకటి అనుకుందాం. తెల్లవారి లేచి కోడలు పాలగిన్నె తీస్తే పాలు గోరువెచ్చగా ఉన్నాయి. పైన మాంసం ఇంకా గట్టిగానే ఉంది. ఫ్రిజ్ వెనక గుర్రుమనే చప్పుడు వస్తూనే ఉంది. కాని రోజూ లోపల సన్నగా వినిపించే గాలి చప్పుడు లేదు. "పంఖా నై ఫిర్‌రా" అని ఆమె అత్తకు చెబుతుంది. ఆ పెద్దావిడకు బెంగ మాంసం గురించి కాదు. కింద అరలో తలుపు పక్కన పెట్టిన ఇన్సులిన్ సీసాల గురించి.

ఆమె బెంగ సబబైనదే. ఎందుకో తెలియాలంటే ఫ్రిజ్‌లో ఫ్యాను చేసే పని ముందు తెలియాలి. ఇది పట్నంవాసులకే పరిమితమైన సంగతి కాదు. ఈనాడు పల్లెల్లో కూడా ఫ్రిజ్ లేని వీధి అరుదు. అది చెడిపోతే మండల కేంద్రం నుంచి మెకానిక్ వచ్చేదాకా ఎదురుచూడవలసిన స్థితి పల్లెవారిది. వచ్చినాయన చెప్పింది వేదం. కాబట్టి నాలుగు సంగతులు ఇంటివారికే తెలిసి ఉంటే పాలు, మందులు, డబ్బు మూడూ నిలుస్తాయి.

చలిని మోసే కూలీ

రెండు తలుపుల ఫ్రిజ్‌లో చలి అన్నిచోట్లా పుట్టదు. పైఅర వెనకవైపు పలక ఒకటి ఉంటుంది. ఆ పలక చాటున అల్యూమినియం గొట్టాల చుట్ట ఉంటుంది. చలి పుట్టేది అక్కడే. దాని దగ్గర చిన్న ఫ్యాను తిరుగుతూ ఆ చలిగాలిని పైఅరలోకి విసురుతుంది. అందులో కొంత గాలిని సన్నటి దారిగుండా కింద అరలోకి తోస్తుంది. అంటే గొట్టాల చుట్ట బావి అయితే ఫ్యాను నీళ్లు మోసే కూలీ. బావిలో నీళ్లున్నా మోసేవాడు లేకపోతే తొట్టి నిండదు.

ఫ్యాను ఆగినప్పుడు ముందుగా వెచ్చబడేది కింద అరే. పైఅర చుట్ట పక్కనే ఉంటుంది గనుక కొంతసేపు చల్లగానే ఉంటుంది. అందుకే మాంసం రాయిలా ఉన్నా పాలు విరిగిపోతాయి. పైఅరలో మైనస్ 18 డిగ్రీలు, కింద 4, 5 డిగ్రీలు ఉండాలన్నది లెక్క. ఇన్సులిన్ దాచవలసింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఆ పెద్దావిడ సీసాలు ఉన్నచోటే లెక్క ముందుగా తప్పింది.

కంప్రెసర్ మాత్రం ఆగదు. అర చల్లబడలేదని దానికి కబురందుతుంటుంది. పగలూ రాత్రీ ఆపకుండా ఆడుతూనే ఉంటుంది. కరెంటు మీటరు గిర్రున తిరుగుతుంది. చుట్టమీద మంచు కొండలా పేరుకుంటుంది.

అసలు ఫ్యానున్న ఫ్రిజ్ ఏది?

ఇక్కడే పల్లెవారు చాలామంది మోసపోతుంటారు. ఒకే తలుపుండి, లోపల పైభాగాన మంచు గడ్డకట్టే చిన్న గది ఉన్న ఫ్రిజ్‌లలో సాధారణంగా లోపల ఫ్యాను ఉండదు. అక్కడ గది గోడలే చల్లబడతాయి. చల్లటి గాలి బరువు కాబట్టి దానంతటదే కిందికి దిగుతుంది. మంచు ఎక్కువైతే మధ్యలో ఉన్న బొత్తాము నొక్కి కరిగించుకోవలసిందే. అలాంటి ఫ్రిజ్ చూసి ఎవరైనా "లోపల ఫ్యాను కాలింది" అంటే "ఏదీ, చూపించు" అని అడగవలసిందే.

మంచు దానంతటదే కరిగిపోయే రెండు తలుపుల రకాల్లో ఫ్యాను తప్పనిసరి. కిరాణా కొట్లలో ఐస్‌క్రీములు పెట్టే పెట్టెలాంటి డీప్ ఫ్రీజర్లలో మాత్రం చాలావాటికి లోపల ఫ్యాను ఉండదు. గోడలలోనే గొట్టాలుంటాయి. కొన్నింటికి బయట, కింద కంప్రెసర్ పక్కన ఫ్యాను ఉంటుంది. దాని కథ వేరు. అది తర్వాత చూద్దాం.

మెకానిక్ వచ్చేలోగా

శాలిబండ ఇంటికి మెకానిక్ వచ్చేసరికి పదకొండు అవుతుంది. చేతిలో రెండు స్క్రూ డ్రైవర్లు, ఒక మల్టీమీటరు. ఇలాంటి ఉస్తాదులు పాతబస్తీలో పలువురు. వచ్చీరాగానే పలక విప్పడం మంచి మెకానిక్ లక్షణం కాదు. మొదట చెవి పెట్టి వింటాడు. తర్వాత తలుపు తెరిచి అంచున ఉన్న చిన్న బొత్తామును వేలితో నొక్కుతాడు.

ఆ బొత్తామే తలుపు స్విచ్చి. తలుపు తెరవగానే చలిగాలి బయటికి పోకుండా చాలా రకాల ఫ్రిజ్‌లలో ఫ్యాను ఆగిపోతుంది. మూసినప్పుడు స్విచ్చి నొక్కుకుని మళ్లీ తిరుగుతుంది. కాబట్టి తలుపు తెరిచి చూసి "ఫ్యాను తిరగడం లేదు" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. స్విచ్చి నొక్కిపట్టి ఒకటి రెండు నిమిషాలు వినాలి. కొన్ని కొత్త రకాల్లో ఫ్యాను కొంత ఆలస్యంగా అందుకుంటుంది. నొక్కినా చప్పుడు రాకపోతే అప్పుడు అనుమానించాలి. ఒక్కోసారి పులుసు చిందో, జిడ్డు పట్టో స్విచ్చి బిగుసుకుపోతుంది. అది మారిస్తే చాలు, ఫ్యాను లేచి కూర్చుంటుంది.

ఇంకొక సంగతి. మంచు దానంతటదే కరిగే ఫ్రిజ్‌లో రోజుకు కొన్నిసార్లు కంప్రెసరూ ఫ్యానూ రెండూ ఆగుతాయి. అప్పుడు చుట్ట కింద ఉన్న హీటరు వెలిగి పేరుకున్న మంచును కరిగిస్తుంది. ఇందుకు అరగంట దాకా పట్టవచ్చు. ఆ సమయంలో చూసి కంగారుపడితే లాభం లేదు. ముప్పావుగంట ఆగి మళ్లీ చూడాలి.

వోల్టేజీ సంగతీ చూసుకోవాలి. మన ఇళ్లకు రావలసింది 230 వోల్టులు. సాయంత్రం మోటార్లన్నీ ఆడేవేళ ట్రాన్స్‌ఫార్మర్‌కు చివరనున్న ఇళ్లలో బల్బు గుడ్డిగా వెలగడం పల్లెవారికి కొత్త కాదు. అలాంటప్పుడు పాతరకం ఫ్యాను మోటారు నీరసంగా తిరుగుతుంది. కంప్రెసర్ అసలే అందుకోలేక మూలుగుతుంది. మంచి స్టెబిలైజరు ఖర్చు దండుగ కాదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే కాకుండా అయిదు నిమిషాలు ఆగి స్విచ్చి వేస్తే కంప్రెసర్ ఆయుష్షు పెరుగుతుంది.

మంచు పట్టిందా, మోటారు కాలిందా?

తలుపు స్విచ్చి బాగుంది. కంప్రెసర్ ఆడుతోంది. ఫ్యాను లేదు. ఇక మిగిలింది రెండే ప్రశ్నలు. ఫ్యాను తిరగలేక ఆగిందా? తిరిగే ఓపికే పోయిందా?

ప్లగ్గు పీకిన తర్వాతే పలక విప్పాలి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. శాలిబండ ఇంట్లో పలక విప్పగానే కనిపించింది తెల్లటి మంచు గోడ. గొట్టాల చుట్ట పూర్తిగా కప్పబడిపోయింది. ఫ్యాను రెక్కలు అందులో ఇరుక్కుని ఉన్నాయి.

అనుభవమున్న మెకానిక్‌కు మంచు పట్టిన తీరే సగం రోగం చెబుతుంది. చుట్ట అంతటా మందంగా మంచు ఉంటే గ్యాసు బాగుందని, మంచు కరిగించే ఏర్పాటు చెడిందని లెక్క. పైన ఒకటి రెండు వరసలమీదే మంచుండి మిగతా గొట్టాలు పొడిగా ఉంటే గ్యాసు తగ్గిందని అనుమానం. ఎక్కడా మంచు లేకుండా కంప్రెసర్ మాత్రం కాలిపోతున్నట్టు వేడిగా ఉంటే జబ్బు పెద్దది. మంచు అంతంతమాత్రంగా ఉండి ఫ్యాను ఒక్కటే కదలకపోతే అప్పుడు మోటారును అనుమానించాలి.

ఆగేముందు ఫ్యాను ఊరికే ఉండదు. రెండు మూడు రోజుల ముందునుంచీ లోపల టకటకమనో, గీసినట్టో చప్పుడు చేస్తుంది. అది రెక్కలు మంచుకు తగులుతున్న చప్పుడు. ఆ చప్పుడు విన్నప్పుడే మేలుకుంటే పండగనాటి తిప్పలు తప్పుతాయి.

మంచును కత్తితోనో, స్క్రూ డ్రైవరుతోనో పొడవడం అన్నిటికంటె పెద్ద తప్పు. అల్యూమినియం గొట్టం మెత్తన. ఒక్క పోటుతో చిల్లు పడుతుంది. గ్యాసు పోతుంది. వందలతో పోయేది వేలకు వస్తుంది. ప్లగ్గు పీకి, తలుపు తెరిచి, కింద పాతగుడ్డలు పరిచి దానంతటదే కరగనివ్వాలి. గిన్నెలో వేడినీళ్లు పోసి లోపల పెడితే పని త్వరగా అవుతుంది. పూర్తిగా కరగడానికి ఒక పూట నుంచి ఒక రోజు పడుతుంది. ముందు కనిపించే మంచు పోగానే అయిపోయిందనుకోరాదు. నీళ్లు దిగే సన్నటి గొట్టంలో కూడా మంచు గడ్డకట్టి ఉంటుంది.

ఈ కరిగించడమే ఒక పరీక్ష కూడా. కరిగిన తర్వాత ఫ్యాను తిరిగి, కొన్ని రోజులకు మళ్లీ ఆగితే మోటారు తప్పేమీ లేదు. మంచు కరిగించే హీటరో, దాని టైమరో, చలిని బట్టి తెరుచుకుని మూసుకునే చిన్న థర్మోస్టాటో, వేడి హద్దు మీరితే తెగే ఫ్యూజో చెడి ఉంటుంది. కరిగిన తర్వాత కూడా ఫ్యాను కదలకపోతే అప్పుడు తప్పు మోటారుదో, దానికి కరెంటు తెచ్చే దారిదో.

కొబ్బరినూనె వద్దు

మోటారును చేత్తో తిప్పి చూడాలి. ఒకసారి తోస్తే రెండు మూడు చుట్లు హాయిగా తిరగాలి. గట్టిగా ఉంటే ఇరుసు ఎండిపోయిందని అర్థం. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె చుక్క వేయడం కొందరికి అలవాటు. కుట్టుమిషనుకు అది చెల్లుతుందేమో గాని ఫ్రిజ్‌కు చెల్లదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. చలికాలంలో సీసాలో గడ్డకట్టడం అందరూ చూసిందే. మైనస్ 18 డిగ్రీలలో అది మైనంలా మారి ఇరుసును బిగించేస్తుంది. పలుచని మిషన్ ఆయిల్ వేసినా నాలుగు రోజుల ముచ్చటే. ఎండిన ఇరుసుకు కొత్త మోటారే మందు.

పాతరకం మోటారుకు రెండు వైర్లుంటాయి. నేరుగా 230 వోల్టుల మీద ఆడుతుంది. మీటరుతో ఆ రెండు వైర్ల మధ్య చూస్తే కొంత ఓముల లెక్క చూపించాలి. ఏమీ చూపకపోతే లోపలి చుట్టు తెగినట్టే. కొత్త రకాల్లో మూడో, నాలుగో వైర్లుంటాయి. అవి సాధారణంగా 12 వోల్టుల డీసీ మోటార్లు. వాటికి కరెంటు వెనకనున్న కంట్రోల్ బోర్డు నుంచి వస్తుంది. ఈ మోటారుకు పొరపాటున ఇంటి కరెంటు తగిలిస్తే క్షణంలో బూడిదే. ఫ్యాను దగ్గరకు రావలసిన 12 వోల్టులు వస్తున్నా అది తిరగకపోతే మోటారు పోయింది. అసలు రాకపోతే బోర్డులోనో, దారిలో వైరులోనో తప్పు.

పల్లెల్లో ఈ దారి తెగడానికి కారణం తరచు ఎలుకే. ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉంటుంది, తడి పళ్లెం ఉంటుంది. ఎలుకకు అంతకంటె కావలసిందేముంది? వైరు కొరికి పోతుంది. బల్లి బోర్డుమీద పాకి, తను చచ్చి, బోర్డును కూడా చంపుతుంది. కాబట్టి మోటారు కొనేముందు ఫ్రిజ్‌ను గోడనుంచి జరిపి టార్చిలైటు వేసి వెనకభాగం చూడటం మంచిది. ఇది ప్లగ్గు పీకాకే చేయాలి.

కొత్త మోటారు కొనేటప్పుడు పాతది చేతిలో ఉండాలి. వోల్టులు, ఇరుసు పొడవు, తిరిగే దిక్కు, రెక్క కొలత నాలుగూ కలవాలి. రెక్క తిరగేసి బిగిస్తే ఫ్యాను తిరుగుతుంది గాని గాలి సరిగా రాదు. "కొత్తది వేసినా చల్లబడటం లేదు" అనే ఫిర్యాదుకు ఇదీ ఒక కారణం. పలక వెనకనున్న థర్మోకోలు అట్టను మళ్లీ ఉన్నచోటే పెట్టాలి. అది సందిచ్చి కూర్చుంటే చలిగాలి కిందికి పోదు.

బయటి ఫ్యాను కథ వేరు

కొట్లలోని కొన్ని డీప్ ఫ్రీజర్లలో కంప్రెసర్ పక్కన ఫ్యాను ఉంటుందని చెప్పుకున్నాం. దాని పని చలి పంచడం కాదు, లోపలినుంచి లాగిన వేడిని బయటికి ఊదెయ్యడం. అది ఆగితే కంప్రెసర్ ఉడికిపోతుంది. కొన్ని నిమిషాలు ఆడి టక్కుమని ఆగి, చల్లారి, మళ్లీ అందుకుంటుంది. ఇలా రోజంతా జరిగితే కంప్రెసరే కాలుతుంది. దానికి ఖర్చు ఎక్కువ.

ఈ ఫ్యానుకు మొదటి శత్రువు దుమ్ము. పిండిమర పక్కనో, రోడ్డువారనో ఉన్న కొట్టులో రెండు నెలలకొకసారి ప్లగ్గు పీకి పాత బ్రష్షుతో దుమ్ము దులిపితే ఫ్యాను, కంప్రెసర్ రెండూ బతుకుతాయి. ఫ్రిజ్‌ను గోడకు ఆనించి పెట్టడం, పొయ్యి పక్కన పెట్టడం, రేకుల కింద ఎండ తగిలేచోట పెట్టడం మూడూ కంప్రెసర్‌కు శిక్షలే.

గ్యాసు పేరు చెబితే...

ఫ్యాను మార్చడానికి గ్యాసుతో పని లేదు. ఇది గట్టిగా గుర్తుంచుకోవలసిన మాట. గ్యాసు గొట్టాల్లో మూసి ఉంటుంది. కారితే తప్ప ఏళ్లు గడిచినా తరగదు. ఫ్యాను మార్చి "గ్యాసు కూడా పట్టించాలి" అంటే ఎక్కడ కారిందో చూపించమని అడగాలి. కారిన చోటు మూయకుండా గ్యాసు నింపడం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

ఏ గ్యాసుందో ఫ్రిజ్ వెనక అట్టమీద రాసి ఉంటుంది. వెనకటి ఫ్రిజ్‌లలో ఆర్-12 అనే గ్యాసు ఉండేది. అది ఆకాశంలోని ఓజోన్ పొరను తింటోందని తేలడంతో 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది. మన దేశం కూడా 2010 నాటికి ఆ జాతి గ్యాసులను వదిలించుకుంది. తర్వాత ఆర్-134ఎ వచ్చింది. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో విరివిగా ఉండేది ఆర్-600ఎ. దీని అసలు పేరు ఐసోబ్యూటేన్. వంటగ్యాసుకు దగ్గరి చుట్టం. అంటుకుంటుంది. లోపల ఉండేది కొద్ది గ్రాములే అయినా మంచు కరిగించడానికి దీపం, కొవ్వొత్తి, మంటపెట్టె దగ్గరికి తేరాదు. గొట్టానికి చిల్లు పడినట్టు అనుమానం వస్తే కిటికీలు తెరిచి, ఏ స్విచ్చీ ముట్టకుండా, నిప్పు అన్నది లేకుండా చూసుకోవాలి.

మాంసం, పాలు, మందులు

మరమ్మతు అయ్యేలోగా సరుకు మాటేమిటి? శాలిబండ ఇంట్లో మెకానిక్ మొదట చెప్పిన మాట ఇది: "ఖాలా, పేదల వాటా ఇంకా లోపలే ఉంటే ముందు అది పంపించండి. మిగతాది మంచులో పెడదాం." మధ్యాహ్నానికి కోడలు, మనవడు కలిసి ఆ పొట్లాలు చేరవలసిన ఇళ్లకు చేరుస్తారు. నిజానికి నిన్ననే చేరవలసినవి అవి.

తలుపు తెరవకపోతే, కరెంటు పోయినా నిండుగా ఉన్న పైఅర రెండు రోజులదాకా, సగం నిండినది ఒక రోజుదాకా చలిని నిలుపుకుంటుంది. తెరిచి మూస్తుంటే, అందులోనూ మన వేసవిలో, ఈ గడువు బాగా తగ్గుతుంది. కింద అరకు ఉన్న గడువు నాలుగు గంటలే. మంచు కరిగించవలసి వస్తే సరుకును థర్మోకోలు పెట్టెలోకి మార్చి ఐసుగడ్డలు పేర్చాలి. ఐసులో రాతి ఉప్పు చల్లితే చలి ఇంకా పెరుగుతుంది. ఉప్పు కలిసిన మంచు మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. కుల్ఫీ చేసేవారి కిటుకు ఇదే. 1935లో కట్టిన మొజంజాహి మార్కెట్‌లో చేత్తో తిప్పి ఐస్‌క్రీము చేసే దుకాణాలకు పేరు తెచ్చిందీ ఈ మంచూ ఉప్పే. పొట్లాల్లోకి ఉప్పునీరు దిగకుండా గట్టిగా కట్టాలి.

ఇంకా లోపల మంచు పలుకులు తగులుతున్న మాంసాన్ని తిరిగి గడ్డకట్టించవచ్చు, లేదా వండేయవచ్చు. మెత్తబడి, వెచ్చబడి రెండు గంటలు దాటితే పారవేయడమే క్షేమం. 32 డిగ్రీలు దాటిన ఎండల్లో ఆ గడువు గంటే. వాసన రాలేదు గదా అని వండుకోవడం ప్రమాదం. హాని చేసే క్రిములు అన్నీ వాసన పుట్టించవు.

ఇన్సులిన్ విషయంలో రెండు తప్పులు జరుగుతుంటాయి. కింద అర వెచ్చబడిందని సీసాను పైఅరలో పెట్టడం మొదటిది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారవేయాలి. ఐసుగడ్డకు ఆనించి పెట్టడం రెండోది. వాడుతున్న సీసా చల్లని నీడలో, 25 నుంచి 30 డిగ్రీల లోపు, సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. మూత తీయనివాటిని పక్కింటి ఫ్రిజ్‌లోనో, మందుల దుకాణంలోనో దాచమని అడగడం మేలు. అదీ కుదరని పల్లెలో తడి ఇసుకలో ఉంచిన మట్టికుండ అక్కరకొస్తుంది. సీసాను నీరు చొరని డబ్బాలో పెట్టి ఆ కుండలో ఉంచాలి. ఎండలో మగ్గిన సీసాను డాక్టరునో, మందుల దుకాణదారునో అడగకుండా వాడరాదు.

ఫ్రిజ్‌లు చేసిన ఊరు

పాతబస్తీలో ఇంతమందికి ఈ పని చేతనవడం వెనక కథ ఉంది. దేశంలో పేరుమోసిన ఫ్రిజ్‌లు ఒకనాడు ఈ నగరంలోనే తయారయ్యేవి. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ ఇనప బీరువాలతో ఆరంభించి బస్సుల బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసింది. జహీరాబాద్ దగ్గర నిస్సాన్‌తో కలిసి చిన్న లారీలు కూడా చేసింది. 1990 దశకంలో ఆల్విన్ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. ఆల్విన్ ఫ్రిజ్ పెళ్లిసారెగా వచ్చిన ఇళ్లు నేటికీ ఆ పేరు తలుచుకుంటాయి.

రెండో పాఠశాల గల్ఫ్. 1973లో చమురు ధరలు పెరిగి ఎడారి దేశాల్లో కట్టడాలు లేచాయి. పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి కూడా వేలమంది సౌదీకి, దుబాయికి, కువైట్‌కు వెళ్లారు. ఏసీ లేనిదే గడవని ఆ దేశాల్లో ఈ పని నేర్చుకుని తిరిగివచ్చినవారు గల్లీల్లో దుకాణాలు పెట్టుకున్నారు. ఇప్పటి కుర్రవాళ్లకు ఆ దూరం అక్కరలేదు. పదో తరగతి తర్వాత ఐటీఐలలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ కోర్సు రెండేళ్లది ఉంది. ఇంటింటా ఫ్రిజ్ ఉన్న పల్లెలో ఒక్క మెకానిక్ ఉంటే అతనికి పని కరువుండదు, ఊరికి పట్నం దారి తప్పుతుంది.

అంతదాకా విడిభాగం కోసం పట్నం రావలసినవారు ఇమ్లీబన్ బస్‌స్టేషన్‌లో దిగుతారు. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటితే మదీనా, పత్తర్‌గట్టి, చార్మినార్. ఇటు కోఠి వైపు పోతే కరెంటు సామానుకు ట్రూప్‌బజార్, ఎలక్ట్రానిక్ వస్తువులకు గుజరాతీ గల్లీ. పాత సామాను కావాలనుకునేవారు గురువారంనాడు జుమ్మేరాత్ బజారు చూస్తారు. అయితే పాత ఫ్యాను మోటారు కొనేవారు దుకాణంలోనే తిప్పించి చూసుకోవాలి. రాకముందే చేయవలసిన పని మరొకటి ఉంది. ఫ్రిజ్ వెనక అట్టమీది మోడలు నంబరు రాసుకోవాలి, పాత మోటారు సంచిలో వేసుకోవాలి. నోటితో చెప్పి కొన్న వస్తువు ఇంటికెళ్లాక అతకకపోతే బస్సు చార్జీలకే మోటారు ఖరీదవుతుంది.

బిళ్లంత ఫ్యూజు

శాలిబండ ఇంట్లో మంచు కరిగేసరికి సాయంత్రం అవుతుంది. నీళ్లు తుడిచి, తడి ఆరనిచ్చి, ప్లగ్గు పెట్టి తలుపు స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరిగింది. అక్కడితో చేతులు దులుపుకుని డబ్బు తీసుకుపోయే మెకానిక్‌లూ ఉంటారు. అప్పుడు వారంలో మళ్లీ అదే కథ. ఈ ఉస్తాదు మళ్లీ ప్లగ్గు పీకి హీటరు దారిని మీటరుతో తడిమి చూస్తాడు. హీటరు బాగానే ఉంది. వేడి హద్దు మీరితే తెగవలసిన ఫ్యూజు తెగి ఉంది. వేలెడంత లేదు. అది తెగడంవల్ల హీటరు వెలగలేదు. హీటరు వెలగక మంచు కరగలేదు. మంచు కరగక ఫ్యాను తిరగలేదు. ఫ్యాను తిరగక పాలు విరిగాయి.

అది ఎందుకు తెగిందో కూడా చూడాలి. పక్కనున్న థర్మోస్టాటు సరైన సమయంలో తెరుచుకోకపోతే వేడి మీరి ఫ్యూజు తెగుతుంది. అందుకే తెలిసినవారు రెండింటినీ జతగా మారుస్తారు. ఫ్యూజు తీసేసి రెండు వైర్లు ముడివేసే బడాయి మెకానిక్‌లను మాత్రం గడప తొక్కనివ్వరాదు. అడ్డు లేని హీటరు ప్లాస్టిక్ పెట్టెలో నిప్పు పెట్టినట్టే.

వెళుతూ అతను రెండు మాటలు చెబుతాడు. తలుపు రబ్బరు ఒకచోట చిరిగింది, అక్కడినుంచి తేమగాలి లోపలికి పోయి మంచు పెరుగుతోంది, మార్పించండి అన్నది ఒకటి. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగితే సులువుగా జారివచ్చిన చోట రబ్బరు చెడినట్టు. రెండో మాట, పొట్లాలను గాలి వచ్చే కంతలకు ఆనించి పేర్చవద్దని. చలికి కూడా నడిచే దారి కావాలి.

రాత్రికి వికారాబాద్ వైపు నుంచి వచ్చిన చుట్టాలు తమ వాటా తీసుకుని వెళతారు. పెద్దావిడ ఇన్సులిన్ సీసాలు పక్కింటి ఫ్రిజ్ నుంచి తెల్లవారి తిరిగివస్తాయి. కింద అరలో పెట్టేముందు ఆమె తలుపు స్విచ్చి వేలితో నొక్కి, చెవి ఆనించి వింటుంది. సన్నగా గాలి చప్పుడు వినిపించాకే సీసా లోపల పెడుతుంది.